రెండో బండి ఎవరు కొంటారు?

యుద్ధానికని వక్ఫ్ చేసిన, అంటే ధర్మకార్యానికి శాశ్వతంగా అంకితమిచ్చిన, గుర్రం ముసలిదై ఇక పరుగెత్తలేకపోతే దాన్ని ఏం చేయాలి? ఎనిమిది వందల ఏళ్ల కిందట డమాస్కస్‌లో ఉన్న హన్బలీ న్యాయవేత్త ఇబ్న్ ఖుదామా తన ‘అల్ ముగ్నీ’ గ్రంథంలో ఈ ప్రశ్నను చర్చించాడు. వక్ఫ్ చేసిన దాన్ని అమ్మకూడదన్నది సాధారణ నియమం. అయినా ఆ గుర్రాన్ని అమ్మేసి, వచ్చిన సొమ్ముతో అదే పనికి ఉపయోగపడేదాన్ని కొనాలని ఆయన తేల్చాడు. సొమ్ము చాలకపోతే ఎలా? దాన్ని మరో వక్ఫ్ గుర్రం కొనుగోలుకు వాటాగా కలపాలని జవాబు. దీనికి హన్బలీ సంప్రదాయానికి మూలపురుషుడైన ఇమామ్ అహ్మద్ బిన్ హన్బల్ మాటే ఆధారమని కూడా చెప్పాడు. దాత ఇచ్చింది ఫలానా జంతువును కాదు, ఆపద వేళ అందే ఒక సేవను. జంతువు పోయినా సేవ ఆగకూడదన్నది ఆ తీర్పు సారం. ఈనాటి సౌదీ అరేబియా న్యాయవ్యవస్థ ప్రధానంగా అనుసరించేది ఈ హన్బలీ సంప్రదాయాన్నే.

ఆపదలో పరుగెత్తాల్సిన వాహనం పాతబడితే దాని స్థానంలోకి కొత్తది ఎవరి డబ్బుతో రావాలి అన్నదే ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న. అంబులెన్సు కావచ్చు, ఫైరింజన్ కావచ్చు, వరద నీళ్లలోకి దిగే రక్షణ వాహనం కావచ్చు. మొదటి బండికి ఎలాగోలా డబ్బు పుడుతుంది. కొత్త పథకం ఉంటుంది, దాత ఉంటాడు, జెండా ఊపడానికి పెద్దమనిషి ఉంటాడు. ఏడెనిమిదేళ్లు తిరిగి ఆ బండి షెడ్డుకు చేరాక, దాని బదులు రావలసిన రెండో బండి బాధ్యత ఎవరి మెడకూ చుట్టుకోదు. సౌదీలోనూ మన దగ్గరా అమెరికా చిన్న పట్టణాల్లోనూ వేర్వేరు రూపాల్లో నలుగుతున్నది ఇదే సమస్య. మూడు చోట్ల అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పరిష్కారం ఎక్కడుందో కొంత తెలుస్తుంది.

సౌదీ సంగతి తెలుగువాళ్లకు పరాయిది కాదు. 2022 జనగణన ప్రకారం ఆ దేశ జనాభా 3.22 కోట్లు. అందులో 1.34 కోట్ల మంది విదేశీయులు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వెళ్లినవాళ్లు నగరాల్లోనే కాదు, ఊరికీ ఊరికీ మధ్య వందేసి కిలోమీటర్ల ఎడారి ఉన్న చోట్ల కూడా పొలాల్లో, గొర్రెల మందల దగ్గర, రోడ్డు పనుల్లో ఉన్నారు. హజ్, ఉమ్రా యాత్రికులు వీళ్లకు అదనం. 2025 నవంబర్ 17 తెల్లవారుజామున మదీనా దగ్గర ఉమ్రా యాత్రికుల బస్సు డీజిల్ ట్యాంకర్‌ను ఢీకొని 45 మంది చనిపోతే, వాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లే. ఆ దేశపు రోడ్ల మీద ఆపద వాహనాలు ఏ స్థితిలో ఉన్నాయన్నది మన ఇళ్లకు సంబంధించిన విషయం.

మక్కాలో మొదటి అగ్నిమాపక దళం 1927 ప్రాంతంలో ఏర్పడింది. అప్పుడు అది అక్కడి మున్సిపాలిటీ కింద ఉండేది. అంటే సౌదీలో కూడా ఈ పని స్థానిక సంస్థ చేతుల మీదుగానే మొదలైంది. ఆ తర్వాత అది భద్రతా విభాగాల చేతికి వెళ్లి, 1965లో సివిల్ డిఫెన్స్ డైరెక్టరేట్‌గా మారి, హోంశాఖ కింద స్థిరపడింది. 1986లో దానికి ప్రత్యేక చట్టం వచ్చింది. అంబులెన్సులది వేరే దారి. 1930ల మధ్యలో మక్కాలో పుట్టిన ఒక స్వచ్ఛంద సంఘం విరాళాల మీద నడుస్తూ యాత్రికులకు ప్రథమ చికిత్స చేసేది. 1963లో రాజాజ్ఞతో అది రెడ్ క్రెసెంట్ సొసైటీ అయింది. 2008లో సొసైటీ పోయి ప్రభుత్వ అథారిటీ వచ్చింది. ఒకటి మున్సిపాలిటీ నుంచీ మరొకటి దాతల నుంచీ బయల్దేరి, రెండూ చివరికి రియాద్ ఖజానా దగ్గరికే చేరాయి.

ఇవాళ అంబులెన్సు కావాలంటే 997, మంటలకు 998. మక్కా, మదీనా, రియాద్, తూర్పు ప్రాంతాల్లో అన్నిటికీ కలిపి 911. రెడ్ క్రెసెంట్ అంబులెన్సు ఎవరికి వచ్చినా ఉచితమే. ఇకామా (నివాస అనుమతి పత్రం) ఉందా, బీమా ఉందా అన్నది తర్వాతి మాట. మన కార్మికులు చాలామందికి ఈ సంగతి తెలియక, ఆసుపత్రి బిల్లుకు భయపడి టాక్సీ కోసం వెతుక్కుంటారు. సౌదీలో ఉన్న బంధువులకు ఈ నంబర్లు చెప్పి ఉంచండి.

అక్కడి బలదియా, అంటే మున్సిపాలిటీ, చేతిలో ఈ వాహనాలు లేవు. చెత్త, వీధి దీపాలు, దుకాణాల లైసెన్సులు, వాననీటి కాలువలు దాని పని. 2005లో, 2011లో మున్సిపల్ కౌన్సిళ్లకు ఎన్నికలు జరిపినప్పుడు సగం మంది సభ్యులనే జనం ఎన్నుకున్నారు. 2015 డిసెంబర్‌లో ఆ వాటా మూడింట రెండొంతులైంది. మహిళలు మొదటిసారి ఓటు వేశారు, పోటీ చేశారు. అప్పుడు కూడా తమ ఊరి అంబులెన్సు గురించి ఓటు వేసి తేల్చే అధికారం ఆ కౌన్సిళ్లకు లేదు.

దీని ఫలితాన్ని రెండు వైపుల నుంచీ చూడాలి. మేలు చిన్నదేమీ కాదు. బీద ఊరు, కలిగిన ఊరు అనే తేడా లేకుండా ఒకే ప్రమాణం గల బండి వస్తుంది. హజ్ సమయంలో దేశం నలుమూలల నుంచి వాహనాలను, సిబ్బందిని మక్కాకు తరలించగలుగుతున్నారంటే అవన్నీ ఒకే యజమాని కింద ఉండటం వల్లే. 1997 ఏప్రిల్ 15న మినాలో గుడారాలకు నిప్పంటుకొని 343 మంది చనిపోయాక, మంటలకు తట్టుకునే గుడారాలను ఆ లోయ అంతటా నిలబెట్టగలిగింది కూడా ఈ కేంద్ర ఖజానాయే. రోడ్డు ప్రమాద మరణాలు 2016లో లక్ష జనాభాకు 28కి పైగా ఉంటే 2022 నాటికి 13కు దిగాయి. ఇందులో వేగ నియంత్రణ కెమెరాల పాత్ర ఉంది, రోడ్ల మరమ్మతుల పాత్ర ఉంది, అత్యవసర సేవల పాత్రా ఉంది.

నష్టం 2009 నవంబర్ 25న జెద్దాలో బయటపడింది. కొన్ని గంటల వానకు నగరం మునిగి 120 మందికి పైగా చనిపోయారు. కాలువలకని ఏళ్ల తరబడి విడుదలైన డబ్బు ఏమైందని రాజు విచారణకు ఆదేశించాడు. అధికారుల మీద, కాంట్రాక్టర్ల మీద కోర్టులో కేసులు నడిచాయి. ఆ రోజు ఫర్మాన్ అలీ ఖాన్ అనే పాకిస్తానీ వలస కార్మికుడు తాడు కట్టుకొని నీళ్లలోకి దూకి 14 మందిని ఒడ్డుకు చేర్చి, ఆ తర్వాత తానే కొట్టుకుపోయాడు. సౌదీ ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పతకం ఇచ్చింది. ఆయన త్యాగానికి చేతులెత్తి మొక్కాలి. కానీ ఒక మహానగరంలో ప్రాణరక్షణ ఒక బాటసారి ధైర్యం మీద ఆధారపడిందంటే, ఏ పేటకు ఏ పరికరం కావాలో అడిగే గొంతు అక్కడి మనుషులకు లేకపోవడం కూడా దానికొక కారణం.

ఇక డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. సౌదీ బడ్జెట్ డిసెంబర్‌లో ప్రకటిస్తారు. వాహనం కావాలన్న విభాగం తన అవసరాన్ని ఆర్థిక శాఖ ముందు పెట్టుకోవాలి, ఒప్పించుకోవాలి. ఆ తర్వాత ‘ఇతిమాద్’ అనే ప్రభుత్వ పోర్టల్‌లో టెండరు వేయాలి. 2019లో వచ్చిన కొత్త టెండర్ల చట్టం ఈ ప్రక్రియను చాలావరకు బహిరంగం చేసింది. ఖర్చులో పొదుపు చూడడానికి ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ సంస్థే ఉంది. ఇదంతా బాగానే ఉంది. అయితే ఖజానాకు ప్రాణం చమురు. 2014 మధ్యలో పీపా వంద డాలర్లు దాటిన చమురు 2016 జనవరిలో ముప్పై కిందికి పడిపోయింది. జీతాలు ఆపలేని ప్రభుత్వం ఏం ఆపుతుంది? కొత్త కొనుగోళ్లు, నిర్మాణాలు ఆపుతుంది. ఆ ఏడాది జీతాలు అందక వేలాది భారతీయ కార్మికులు జెద్దా, రియాద్ క్యాంపుల్లో చిక్కుకుపోయారు. విదేశాంగ సహాయమంత్రి వి.కె. సింగ్ స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. బిల్లులు ఆగి కాంట్రాక్టర్లు చితికినప్పుడు ఆ దెబ్బ కరీంనగర్ పల్లెలో వంటింటి దాకా వచ్చింది.

ఆ తర్వాతే పన్నులు వచ్చాయి. 2018 జనవరిలో 5 శాతం వ్యాట్ మొదలైంది. 2020 జులైలో అది ఒక్కసారిగా 15 శాతమైంది. 2017 నుంచి విదేశీ కార్మికుల కుటుంబ సభ్యుల మీద నెలవారీ రుసుము వచ్చి, మనిషికి 100 రియాళ్లతో మొదలై 2020 నాటికి 400కు చేరింది. గల్ఫ్‌లో పన్నుల్లేవన్న మాట ఇప్పటికీ మన ఊళ్లలో వినిపిస్తుంది. అది పాత మాట. దమ్మామ్‌లో బియ్యం బస్తా కొన్న తెలుగు కార్మికుడు కూడా ఆ దేశపు అంబులెన్సుకూ ఫైరింజన్‌కూ డబ్బు కడుతున్నాడు. కాబట్టి ఆ బండి అతనికి దయాధర్మంగా వచ్చేది కాదు.

సౌదీకీ మనకూ ఉమ్మడిగా ఉన్న లోపం లెక్కలు రాసే పద్ధతిలో ఉంది. దీని గురించి జనం మాట్లాడుకోరు గనుక కాస్త వివరంగా చెప్పాలి. నగదు పద్ధతిలో బండి కొన్న సంవత్సరం ఖర్చు పద్దులో పెద్ద అంకె పడుతుంది. మర్నాటి నుంచి దాని ప్రస్తావనే ఉండదు. అది ఏటేటా అరిగిపోతున్న సంగతి ఏ పుస్తకంలోనూ కనబడదు. పదేళ్ల తర్వాత ఇంజన్ ఆగిపోయినప్పుడు అదేదో ఊహించని ఉపద్రవంలా కొత్త బండికి అర్జీ పెట్టుకుంటారు. వ్యాపార సంస్థలు ఏటా తరుగుదల రాస్తాయి గనుక ఎప్పుడు ఎంత కావాలో వాటికి ముందే తెలుస్తుంది. సౌదీ ఆర్థిక శాఖ ఇటీవలి సంవత్సరాల్లో ఆ పద్ధతికి మారే పనిలో పడింది. మన కేంద్ర, రాష్ట్ర ఖాతాలు ఇంకా నగదు పద్ధతిలోనే ఉన్నాయి. మున్సిపాలిటీలకు 2004లోనే జాతీయ మాన్యువల్ వచ్చినా తరుగుదల కాగితం మీది అంకెగానే మిగిలింది. ఆ అంకెకు సరిపడా డబ్బు పక్కన పెట్టిన చోటు అరుదు.

అరుగుదల కూడా కిలోమీటర్లతోనే తెలిసేది కాదు. ఎండ 45 డిగ్రీలు దాటే చోట లోపల మందులు పాడవకుండా, రోగి తట్టుకునేలా ఏసీ నడవాలి. ఏసీ కోసం బండి నిలబడినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. గంటసేపు ఇంజన్ ఊరికే తిరిగితే 40 నుంచి 50 కిలోమీటర్లు పరుగెత్తినంత అరుగుదల అని వాహన నిర్వాహకులు లెక్క వేస్తారు. ఇసుక ఫిల్టర్లను తినేస్తుంది, వేడి బ్యాటరీలను, టైర్లను తినేస్తుంది. మీటరు మీద లక్ష కిలోమీటర్లే చూపే బండి నిజానికి రెండు లక్షలు తిరిగినంత అలసి ఉండవచ్చు. వేసవిలో మన రామగుండం, రెంటచింతల చుట్టుపక్కల తిరిగే బళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మన వైపు కథ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. సత్యం రామలింగరాజు కుటుంబం స్థాపించిన ఈఎంఆర్‌ఐ 108 సేవను ఆ రోజు ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రారంభించారు. దాత డబ్బుతో పుట్టిన ఈ సేవకు తర్వాత నిర్వహణ ఖర్చులో 95 శాతం రాష్ట్ర ప్రభుత్వమే భరించసాగింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బద్దలైంది. వ్యవస్థాపకుడు జైలుకెళ్లాడు. అయినా 108 మోగుతూనే ఉంది, ఎందుకంటే పైలట్ అని పిలిచే డ్రైవరు జీతం, డీజిల్ అప్పటికే ప్రభుత్వ పద్దులో ఉన్నాయి. జీవీకే వచ్చి నిర్వహణ చేపట్టింది. దాత కూలినా సేవ నిలబడడమన్న ఈ ఘట్టానికి మనం ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదనిపిస్తుంది.

నిర్వహణకు దొరికిన ఆ భద్రత బండికి దొరకలేదు. డీజిల్‌కు నెలనెలా డబ్బు వచ్చింది గానీ కొత్త బళ్లకు ఎన్నాళ్లకో ఒకసారి, విడతగా వచ్చింది. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి 108, 104 వాహనాలను వెయ్యికి పైగా ఒకే రోజు ప్రారంభించారు. సుమారు 200 కోట్ల రూపాయల ఖర్చు. వాటిలో కొత్త 108 అంబులెన్సులు 412. మామూలు ప్రాణరక్షణ పరికరాలున్నవి 282, వెంటిలేటర్ వంటివి ఉన్నవి 104, పసికందుల కోసం 26. తెలంగాణలో 2023 ఆగస్టు 1న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు 466 వాహనాలకు జెండా ఊపారు. అంబులెన్సులు 204, అమ్మ ఒడి వాహనాలు 228, పార్థివ వాహనాలు 34. రెండూ మంచి పనులే. వాటి వల్ల బతికిన ప్రాణాలున్నాయి. అయితే ఒకే రోజు రోడ్డెక్కిన బళ్లన్నీ దాదాపు ఒకే కాలంలో ముసలివవుతాయి. 2020 నాటి బళ్లకు వయసు మీరే సంవత్సరం ఆ రోజే తెలుసు. ఏటా ఏడో వంతు మారుస్తూ పోతే ఖజానా మీద భారం సమంగా పడేది, రోడ్డు మీద ఎప్పుడూ కొన్ని కొత్త బళ్లుండేవి. ఆ పద్ధతిలో ఊరేగింపు ఉండదు. అందుకే ఏ ప్రభుత్వానికీ అది రుచించదు.

అగ్నిమాపక సేవ సంగతి మరీ విచిత్రం. 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 పనుల జాబితా ఉంది. అందులో ఏడోది అగ్నిమాపక సేవ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది ఇప్పటికీ రాష్ట్ర శాఖ చేతిలోనే ఉంది. తమకంటూ ఆపద బలగం ఏర్పరచుకున్న స్థానిక సంస్థకు మంచి ఉదాహరణ హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ. 2018లో అది విపత్తు స్పందన దళాన్ని, అదే డీఆర్‌ఎఫ్‌ను, నెలకొల్పి సొంత బళ్లు సమకూర్చుకుంది. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఆ దళం దాని కిందికి పోయింది. మక్కా మున్సిపాలిటీ నుంచి అగ్నిమాపక దళం పైకి వెళ్లినట్టే ఇక్కడా బండి పై అంచెకు ఎక్కింది. వరద వచ్చినప్పుడు కార్పొరేటర్ ఇంటి తలుపు తట్టే జనానికి ఈ మార్పు తెలియదు.

కేంద్రం నుంచి వచ్చే దారులు కొన్ని ఉన్నాయి. ఎంపీకి ఏటా వచ్చే 5 కోట్ల నిధితో అంబులెన్సు కొనవచ్చు. దాని డ్రైవరు జీతానికీ డీజిల్‌కూ ఆ నిధి వాడకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయకూడదన్న నియమం స్థానిక సంస్థలకూ వర్తిస్తుంది. ఆ ఏటి బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పాత వాహనాలు, అంబులెన్సులు మార్చుకోవడానికి రాష్ట్రాలకు తోడ్పడతామని చెప్పారు. అగ్నిమాపక శాఖల ఆధునికీకరణకు 5,000 కోట్ల పథకం కూడా అదే ఏడాది వచ్చింది. పాత బండిని తీసేయమని గడువు పెట్టడం ఒక ఉత్తర్వుతో అయిపోతుంది. దాని స్థానం ఖాళీగా ఉండకుండా చూడడానికి ఏటేటా డబ్బు కావాలి. ఒక్క విడత పథకంతో అది తీరదు.

అమెరికాలో ఫైరింజన్ చాలావరకు ఊరి ఆస్తి. అక్కడి తెలుగువాళ్లు ఇంటి మీద కట్టే పన్నులో దాని వాటా ఉంటుంది. చిన్న ఊళ్లకు మోయలేని భారం గనుక 2001 నుంచి కేంద్రం ‘అసిస్టెన్స్ టు ఫైర్‌ఫైటర్స్’ గ్రాంటు ఇస్తోంది. ఇరవై వేల లోపు జనాభా ఉన్న చోట స్థానిక వాటా 5 శాతం, అంతకు మించితే 10, పది లక్షలు దాటితే 15 శాతం. వయసు మీద ఒక ప్రమాణం కూడా ఉంది. పదిహేనేళ్లు దాటిన ఫైరింజన్‌ను అదనపు బండిగా పక్కన ఉంచాలి, పాతికేళ్లు దాటితే తీసేయాలి అని అక్కడి అగ్నిరక్షణ సంఘం సిఫారసు. జనాభాను బట్టి వాటా తగ్గించడం మన పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ సరిగ్గా సరిపోయే ఆలోచన. అయితే పోటీలో గ్రాంటు గెలవాలంటే దరఖాస్తు రాయగలిగిన మనిషి ఊరిలో ఉండాలి. లేని ఊరు వెనకబడుతుంది. కోవిడ్ తర్వాత అక్కడ ధరలు విపరీతంగా పెరిగాయి. ఆర్డరిచ్చి రెండు మూడేళ్లు ఎదురుచూసే పరిస్థితి వచ్చింది. బండి ఆగిపోయాక డబ్బు వెతకడం మొదలుపెడితే ఎంత ఆలస్యమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

గల్ఫ్ డబ్బుతో వచ్చే అంబులెన్సుల గురించి కూడా చెప్పుకోవాలి. సౌదీలోని మలయాళీ ప్రవాస సంఘం కేఎంసీసీ శాఖలు కేరళ పల్లెలకు అంబులెన్సులు కొనిచ్చాయి. తెలుగు సంఘాలూ ఇదే బాట పట్టాలని ఉత్సాహపడడం సహజం. గల్ఫ్‌లో చనిపోయినవారి భౌతికకాయాన్ని శంషాబాద్ విమానాశ్రయం నుంచి సొంతూరికి ఉచితంగా చేర్చే అంబులెన్సు ఏర్పాటు ఇప్పుడు ప్రభుత్వాల ద్వారానే ఉంది. బతికున్నవాళ్లను ఆసుపత్రికి చేర్చే బండి మీద మనసు పెట్టడానికి దాతలకు ఇది మంచి సమయం. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోవాలి. సౌదీలో అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం నేరం. 2021లో మొదలైన ‘ఎహ్సాన్’ వంటి లైసెన్సు ఉన్న వేదికల ద్వారానే అక్కడ విరాళం ఇవ్వాలి. వాట్సాప్ గ్రూపులో అడగడం కూడా చిక్కులు తెచ్చిపెడుతుంది. ఊరికి ఇవ్వదలిస్తే ఎవరికి వారు భారతదేశంలోని నమోదైన సంస్థకు బ్యాంకు ద్వారా పంపుకోవడమే క్షేమం.

దాత పేరు రాసిన అంబులెన్సు రెండేళ్లకే ఆసుపత్రి ఆవరణలో టైర్లు దిగిపోయి కనిపించడం మనకు కొత్త కాదు. దాత తాళం చెవి ఇచ్చాడు. బీమా ఎవరు కట్టాలి, ఎఫ్‌సీ ఎవరు చేయించాలి, డ్రైవరు జీతం ఏ పద్దులో రాయాలి అన్నది కాగితం మీద పెట్టలేదు. తీసుకున్న సంస్థ మొహమాటానికి వద్దనలేదు. ఇక్కడ తప్పు మంచితనానిది కాదు, ఒప్పందానిది.

ఒప్పందం ఎలా ఉండాలో వక్ఫ్ చెబుతుంది. హైదరాబాదీలకు దీని నమూనా మక్కాలోనే ఉంది. నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానం నుంచి వెళ్లే హజ్ యాత్రికుల కోసం అక్కడ వక్ఫ్ చేసిన వసతి గృహాలు, మన రుబాత్, ఇప్పటికీ పనిచేస్తున్నాయి. పాత సంస్థానపు తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల యాత్రికులను లాటరీ తీసి ఎంపిక చేసి ఉచితంగా బస ఇస్తారు. సంస్థానం 1948లో పోయింది, దాతలు ఏనాడో పోయారు, సేవ ఉంది. వక్ఫ్ న్యాయంలో ఒక నియమం నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. ఆదాయం రాగానే మొదట ఆస్తి మరమ్మతుకు ఖర్చు పెట్టాలి. లబ్ధిదారులకు పంచేది ఆ తర్వాతే. మన బడ్జెట్లలో మరమ్మతుది చివరి వరస.

దీన్ని బండికి అన్వయించి చూద్దాం. ఉదాహరణకు 30 లక్షల అంబులెన్సు ఏడేళ్లు నడుస్తుందనీ, ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనీ అనుకుందాం. ఏడేళ్ల తర్వాత అలాంటి బండి ధర 45 లక్షలు. పాతది అమ్మితే 3 లక్షలు వచ్చిందనుకున్నా ఇంకో 42 లక్షలు కావాలి. 7 శాతం వడ్డీ వచ్చే ఖాతాలో ఏటా 4 లక్షల 85 వేలు వేస్తే అది జమ అవుతుంది. అంటే నెలకు 40 వేల చిల్లర. ఒక పురపాలక సంఘం ఒంటరిగా మోయలేకపోవచ్చు. పక్కపక్కనున్న నాలుగైదు సంఘాలు కలిసి ఒక నిధి పెట్టుకుంటే, ఒకరి బండి షెడ్డులో ఉన్నప్పుడు ఇంకొకరి బండి వెళ్లే ఏర్పాటు కూడా కుదురుతుంది. చాలని సొమ్మును మరో గుర్రం కొనుగోలులో కలపమన్న పాత తీర్పు సరిగ్గా ఇలాంటి చోట పనికొస్తుంది.

అన్నీ చూశాక నా అభిప్రాయం ఇది. ఆపద సేవ నడిపే డబ్బు పై ప్రభుత్వం నుంచే రావాలి. ఊరి ఆదాయాన్ని బట్టి ప్రాణానికి విలువ కట్టకూడదు గనుక ఈ విషయంలో సౌదీ మార్గం సరైనదే. ఏ బండి కావాలి, ఎక్కడ నిలపాలి అన్న మాట స్థానిక సంస్థదై ఉండాలి. అందులో అమెరికా ఊళ్లు మనకంటే నయం. బండి మార్పిడికి మాత్రం కొన్న రోజు నుంచే విడి ఖాతా ఉండాలి. ఆ ఖాతాలోని డబ్బును మరో పనికి మళ్లించకుండా చట్టం అడ్డుపడాలి. ఈ మూడోదాన్ని సౌదీ గానీ మన రాష్ట్రాలు గానీ ఇంతవరకు చేయలేదు.

బండి ఇవ్వాలనుకుంటున్న ప్రవాస దాతలకు ఒక విన్నపం. రెండు బళ్లకు సరిపడా డబ్బు మీ దగ్గరుంటే ఒక్కటే కొనండి. రెండోదాని సొమ్మును ఆ మొదటి బండి పేరిట డిపాజిట్ చేసి, వడ్డీతో బీమా, మరమ్మతులు సాగేలా, అసలు మార్పిడికే వాడేలా ఒప్పందం రాయించుకోండి. ఊళ్లో ఉన్నవాళ్లు వచ్చే బడ్జెట్ సమావేశానికి ముందు మీ కౌన్సిలర్‌నో సర్పంచ్‌నో కలవండి. మన అంబులెన్సు ఏ సంవత్సరంలో కొన్నారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, తర్వాతి దానికి ఏ పద్దులో ఎంత పెట్టారు అని అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.